భూమి మొత్తం ఒకే ఫ్రేమ్‌లో, భారత్ పగటి వెలుగులో: ఏ ఉపగ్రహం డేటా, ఎలా తయారు చేయాలి?

గోదారి_గట్టు

హైస్కూలు సైన్స్ గది గోడకి 24 అంగుళాల వెడల్పున భూమి బొమ్మ ప్రింటు తీయించాలి. ముక్కలు అతికి తయారుచేసిన బొమ్మ వద్దు. ఒకే చోటి నుంచి కెమెరా చూసిన గోళమే కావాలి. అందులో భారతదేశం పగటి వెలుగులో కనపడాలి, రంగులు కంటికి కనిపించే రంగులకి దగ్గరగా ఉండాలి. "బ్లూ మార్బుల్" పేరుతో దొరుకుతున్న వాటిలో ఏది ఫోటో, ఏది కూర్చినదో తేలడం లేదు. మన ఇన్‌శాట్ తీసినది దొరికితే మరీ సంతోషం. దారి చెప్పగలరా?

కక్ష్య82

ఆ పేరుతో మూడు వేర్వేరు బొమ్మలు తిరుగుతున్నాయండీ.

మొదటిది 1972 డిసెంబర్ 7న అపోలో 17 నుంచి తీసిన ఫోటో. నాసా జాబితాలో దాని సంఖ్య ఏఎస్17-148-22727. హాసెల్‌బ్లాడ్ కెమెరా, 80 మి.మీ. జైస్ లెన్స్, 70 మి.మీ. రంగుల ఫిల్మ్. ప్రయోగం జరిగిన అయిదు గంటలకి, దాదాపు 29,000 కి.మీ. దూరం నుంచి తీశారు. అసలు ఫ్రేములో దక్షిణం పైకి ఉంటుంది, తర్వాత తిప్పి అచ్చు వేశారు. ఇది నూటికి నూరు పాళ్లు ఫోటో.

రెండోది 2002 నాటిది. టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం నెలల తరబడి సేకరించిన పట్టీలను కలిపి గోళం మీద చుట్టినది. టెర్రా ఎత్తు 705 కి.మీ., ఒక్క పట్టీ వెడల్పు 2,330 కి.మీ. అంత దగ్గర నుంచి గోళం మొత్తం కనపడే ప్రసక్తే లేదు.

మూడోది 2012 జనవరి 4 నాటి సుయోమి ఎన్‌పీపీ డేటాతో చేసినది. ఉపగ్రహం 824 కి.మీ. ఎత్తులో ఉంది, బొమ్మని మాత్రం 2,100 కి.మీ. పైనుంచి చూసినట్టు గీశారు. ఉత్తర అమెరికా గోళమంతా ఆక్రమించినట్టు ఉండేది ఇందులోనే.

ఏ ఎత్తు నుంచి ఎంత భూమి కనపడుతుందో లెక్క తేలిక: భూవ్యాసార్ధం, ఎత్తు కూడి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, దానితో ఎత్తును భాగించండి. 400 కి.మీ. దగ్గర, అంటే అంతరిక్ష కేంద్రం నుంచి, 3 శాతం. 2,100 దగ్గర 12 శాతం. అపోలో 17 ఫోటోలో 41 శాతం. భూస్థిర కక్ష్య 35,786 కి.మీ. దగ్గర 42 శాతం. 15 లక్షల కి.మీ. వెళ్తే 49.8 శాతం. సగం ఎప్పటికీ దాటదు. ఖండాలు మరీ పెద్దగా కనపడుతున్నాయంటే బొమ్మని దగ్గరి ఎత్తుకి గీశారని అర్థం.

మచిలీపట్నం_గాలి

అపోలో 17 ఫోటో గురించి ఒక మాట. ఆఫ్రికా, అరేబియా, అంటార్కిటికా స్పష్టంగా ఉంటాయి, మన దేశం పైన కుడి అంచుకి నొక్కుకుపోయి ఉంటుంది. ఆ అంచున కనపడే మేఘాల సుడి 1972 డిసెంబర్ 5న తమిళనాడు తీరాన్ని ముంచిన తుపానుదే. పిల్లలకి చూపించడానికి మంచి విషయం. అడిగిన పనికి మాత్రం సరిపోదు.

మంగళయాన్ చిత్రం కూడా చాలామంది సూచిస్తారు. 2013 నవంబర్ 19 మధ్యాహ్నం 1:50కి మార్స్ కలర్ కెమెరా 67,975 కి.మీ. ఎత్తు నుంచి తీసింది. అందులో బంగాళాఖాతంలో హెలెన్ తుపాను కనపడుతుంది. మూడు రోజుల తర్వాత, 22న, అది మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. మన కోస్తాకి అంతకన్నా దగ్గరి అంతరిక్ష చిత్రం ఇంకోటి లేదనే నా అభిప్రాయం. చిక్కేమిటంటే అందులో గోళం పూర్తిగా లేదు.

కక్ష్య82

ఎందుకు పూర్తిగా లేదో అదే వివరాల నుంచి తేల్చవచ్చు. ఆ దూరంలో పిక్సెల్ పరిమాణం 3.53 కి.మీ. అని ఇస్రో ఇచ్చింది. సెన్సర్ 2048 పిక్సెళ్ల చదరం. అంటే కెమెరా చూపు వెడల్పు దాదాపు 6.1 డిగ్రీలు. ఆ ఎత్తు నుంచి భూమి వెడల్పు 9.8 డిగ్రీలు. ఎటు తిప్పినా పట్టదు. అపోలో 17లో గోళం వెడల్పు 20.8 డిగ్రీలు, 80 మి.మీ. లెన్స్ చూపు 36 డిగ్రీలకు పైనే. ఫిల్మ్ మీద గోళం 29 మి.మీ. పడింది, చుట్టూ నలుపు మిగిలింది.

గోదారి_గట్టు

అర్థమైంది. మరి ఇన్‌శాట్ సరిగ్గా మన నెత్తిమీదే ఉంది కదా, రంగుల గోళం ఎందుకు దొరకదు?

నల్లమల_ఆకాశం

ఇన్‌శాట్-3డీఎస్ 82 డిగ్రీల తూర్పున, 3డీఆర్ 74 డిగ్రీల తూర్పున ఉన్నాయి. భారత్‌ని చూడటానికి వాటికన్నా మంచి చోటు లేదు. కానీ వాటి ఇమేజర్‌లో ఆరు చానళ్లు: దృశ్య కాంతి ఒక్కటే, 0.55 నుంచి 0.75 మైక్రాన్ల దాకా ఒకే పట్టీ. మిగతా అయిదూ పరారుణం. నీలం, ఆకుపచ్చ, ఎరుపు విడివిడిగా కొలవనప్పుడు నిజమైన రంగు రాదు. మేఘాలు, ఉష్ణోగ్రత, తేమ కొలవడానికి చేసిన యంత్రం అది, ఆ పని చక్కగా చేస్తోంది. రంగుల్లో కనిపించే ఇన్‌శాట్ బొమ్మలన్నీ చానళ్లకి రంగులు కేటాయించి చేసినవే.

ఒక్క నలుపు-తెలుపు గోళం చాలనుకుంటే ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. ఇస్రో ఉపగ్రహ డేటా ఇచ్చే మోస్‌డాక్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, లెవెల్ 1బి (సరిదిద్దిన కొలతల) స్టాండర్డ్ ఫైలు అడిగితే హెచ్‌డీఎఫ్5 రూపంలో వస్తుంది. దృశ్య చానల్ పిక్సెల్ 1 కి.మీ. ఫైలు పేరులోని సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మన గడియారం కాదు. ఉదయం 6:00 యూటీసీ ఫైలు అంటే మనకి 11:30. చాలామంది "1200" అని ఉన్న ఫైలు దింపుకుని సగం చీకటి గోళం వచ్చిందని అడుగుతుంటారు, అది సాయంత్రం 5:30 నాటిది.

మిగతావాళ్ల సంగతి కూడా చెప్తాను, వెతుకులాట తగ్గుతుంది. 45.5 డిగ్రీల తూర్పున ఉన్న మీటియోశాట్-9కి నీలం లేదు, ఆకుపచ్చ లేదు. 76 డిగ్రీల ఎలెక్ట్రో-ఎల్ పరికరానికి నీలం లేదు. ఫెంగ్‌యున్-4 శ్రేణికి ఆకుపచ్చ లేదు. అంటే భారత్ నడిమధ్యలో వచ్చేలా ఉన్న భూస్థిర ఉపగ్రహాల్లో మూడు రంగులూ కొలిచేది లేదు. మూడూ ఉన్నవి 140.7 డిగ్రీల హిమావరి-9, 128.2 డిగ్రీల కొరియా జీకే-2ఎ. హైదరాబాద్ నుంచి చూస్తే హిమావరి దిగంతానికి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, జీకే-2ఎ 30 డిగ్రీలు. పై నుంచి చూసేవాడికీ అదే కోణం. హిమావరిలో మన దేశం పడమటి అంచున సన్నగా నలిగిపోతుంది, జీకే-2ఎలో ఆకారం గుర్తుపట్టేలా ఉంటుంది. అందరూ హిమావరి అంటారు కానీ మనవాళ్లకి జీకే-2ఎ మేలు.

పిక్సెల్_పంతులు

భారత్ మధ్యలోనే ఉండాలంటే దారి ఒకటుంది. డిస్కవర్ వ్యోమనౌకలోని ఎపిక్ కెమెరా. 2015 ఫిబ్రవరి 11న ప్రయోగించారు, భూమికీ సూర్యుడికీ మధ్య 15 లక్షల కి.మీ. దూరంలో ఎల్1 అనే బిందువు దగ్గర ఉంటుంది. సూర్యుడు వెనక ఉంటాడు కాబట్టి ఎప్పుడు చూసినా నిండు పగటి గోళమే. ఎపిక్ వెబ్‌సైట్‌లో "నేచురల్ కలర్" విభాగంలో తేదీ ఎంచి, 6:30 యూటీసీకి దగ్గరగా ఉన్న ఫ్రేము తీసుకోండి. మనకి అది మధ్యాహ్నం పన్నెండు, గోళం మధ్యలో భారత్ ఉంటుంది. కొన్ని కాలాల్లో వ్యోమనౌకతో సంబంధం తెగి చిత్రాలు ఆగాయి, ఆ తేదీలు ఖాళీగా ఉంటాయి, పాత తేదీలకి వెళ్లండి.

లోటు పరిమాణంలో ఉంది. ఫైలు 2048 పిక్సెళ్ల చదరమే. చూపు వెడల్పు 0.61 డిగ్రీలు, అందులో భూమి 0.485. అంటే గోళం అడ్డంగా 1,630 పిక్సెళ్లు. పైగా డేటా భారం తగ్గించడానికి నీలం తప్ప మిగతా ఫిల్టర్ల చిత్రాలను నౌకలోనే 1024కి కుదించి పంపిస్తారు, అసలు వివరం ఇంకా తక్కువ. 24 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 68 చుక్కలు పడతాయి. పది అడుగుల దూరం నుంచి పర్వాలేదు, పిల్లలు దగ్గరికి వచ్చి చూస్తే మసక. 10 అంగుళాల ప్రింటుకి మాత్రం దీన్ని మించినది లేదు.

ఇంకోటి, ఎపిక్ రంగులు ఒకేసారి పట్టదు. ఫిల్టర్ చక్రం తిరుగుతూ 680, 551, 443 నానోమీటర్ల దగ్గర ఒకదాని తర్వాత ఒకటి తీస్తుంది, మధ్యలో 30 సెకన్ల తేడా. ఆలోగా భూమధ్యరేఖ దగ్గర నేల 14 కి.మీ. కదులుతుంది, అంటే రెండు పిక్సెళ్లు. వాటిని సరిచేసి కలుపుతారు గానీ ఎత్తైన మేఘాల అంచున సన్నని రంగు గీత మిగలవచ్చు. ఫైలు పాడైందనుకోకండి.

మచిలీపట్నం_గాలి

అలా చూస్తే జీకే-2ఎ బొమ్మ కూడా ఒకే క్షణంలో తీసినది కాదు కదా. భూస్థిర ఉపగ్రహాలు ఫోటో తీయవు, అద్దం తిప్పుతూ ఉత్తరం నుంచి దక్షిణానికి పట్టీలుగా తుడుస్తాయి. పైనున్న సైబీరియాకీ కిందనున్న అంటార్కిటికాకీ మధ్య నిమిషాల తేడా ఉంటుంది.

నల్లమల_ఆకాశం

నిజమే. కానీ ఒకే చోటి నుంచి, ఒకే ఊపులో, పట్టీల మధ్య అతుకు లేకుండా వచ్చినది. ఆ కొద్ది నిమిషాల్లో మేఘం జరిగేది తక్కువే. నెలల డేటా కూర్చిన దానితో దీన్ని ఒక గాటన కట్టలేం. బొమ్మ కింద "10 నిమిషాల స్కాన్" అని రాస్తే సరి.

ఇక పని వరుస చెప్తాను.

సమయం ముందు తేల్చుకోండి. 128.2 డిగ్రీల దగ్గర మిట్టమధ్యాహ్నం అంటే దాదాపు 3:27 యూటీసీ, మనకి ఉదయం 8:57. అప్పుడు గోళం నిండుగా వెలుగుతుంది కానీ మన దగ్గర ఎండ ఏటవాలు, పడమటి కనుమల నీడలు, పసుపు ఛాయ. 4:30 యూటీసీ ఎంచుకోండి, అంటే మన పది గంటలు. భారత్ బాగా వెలుగుతుంది, తూర్పున పసిఫిక్ అంచు మాత్రం సన్నగా చీకటి పడుతుంది. ఆ నెలవంక చీకటే గోళానికి గుండ్రదనం తెస్తుంది, చెడ్డదేమీ కాదు. 6:30 దాటితే తూర్పు భాగం బాగా పోతుంది.

కాలం సంగతి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు రుతుపవన మేఘం మన దేశాన్ని కప్పేస్తుంది. డిసెంబర్‌లో ఆకాశం తేట, కానీ ఉత్తర ధ్రువం పూర్తి చీకటి. మార్చి 21, సెప్టెంబర్ 23 చుట్టుపక్కల సూర్యబింబం మెరుపు సముద్రం మీద గోళం నడిమికి దగ్గరగా పడి తెల్లటి మచ్చలా ఉంటుంది. ఫిబ్రవరి చివరి వారం లేదా అక్టోబర్ చివర నా ఎంపిక. వీలైతే అయిదారు తేదీల చిన్న బొమ్మలు చూసి, దక్కను మీద మేఘం లేనిది తీసుకోండి.

డేటా అమెజాన్ ఏడబ్ల్యూఎస్ బహిరంగ నిల్వలో ఉచితం, ఖాతా అక్కర్లేదు. జీకే-2ఎ కెమెరా అయిన ఏఎంఐ లెవెల్ 1బి, ఫుల్ డిస్క్ (పూర్తి గోళం). కావలసినవి నాలుగు చానళ్లు: నీలం 0.47, ఆకుపచ్చ 0.51, ఎరుపు 0.64, సమీప పరారుణం 0.86 మైక్రాన్లు. ఎరుపు పిక్సెల్ 0.5 కి.మీ., 22,000 చదరం. మిగతా మూడు 1 కి.మీ., 11,000 చదరం. హిమావరి వాడితే ఒక్కో చానల్ పది ముక్కలుగా, కుదించిన ఫైళ్లలో వస్తుంది, పదీ దింపాలి. ఒకటి తప్పితే గోళానికి అడ్డంగా నల్ల పట్టీ పడుతుంది. హిమావరికి 02:40, 14:40 యూటీసీలకి ఫుల్ డిస్క్ ఉండదు, ఆ సమయం నిర్వహణకి కేటాయించారు. దాని నడిమధ్యాహ్నం సరిగ్గా 02:40 దగ్గరే పడుతుంది, అందుకే ఫైలు దొరక్క తికమక పడతారు. 02:30 కానీ 02:50 కానీ తీసుకోవాలి.

ఆ తర్వాత పైథాన్‌లో శాట్‌పై లైబ్రరీ. జీకే-2ఎకి ఏఎంఐ రీడర్, హిమావరికి ఏహెచ్ఐ హెచ్ఎస్‌డీ రీడర్, ఇన్‌శాట్‌కి కూడా విడిగా రీడర్ ఉంది. సీన్ తయారు చేసి, ట్రూ కలర్ కాంపోజిట్ లోడ్ చేసి, తక్కువ స్పష్టత ఉన్న చానల్ గ్రిడ్‌కి "నేటివ్" పద్ధతిలో రీశాంపుల్ చేసి, సేవ్ చేయాలి. రీశాంపుల్ వదిలేస్తే కాంపోజిట్ తయారవదు, ఏరియాలు కలవడం లేదన్న లోపం చూపిస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు దానికి తోడు లైబ్రరీ పైస్పెక్ట్రల్ వాతావరణ సవరణ పట్టికలు నెట్ నుంచి దింపుకుంటుంది, అప్పుడు నెట్ తెగితే అర్థం కాని లోపం వస్తుంది. మళ్లీ నడపండి.

గోదారి_గట్టు

8 జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్‌తో అవుతుందా? ఇంకా ఒకటి, 11,000 పిక్సెళ్లు ఈ ప్రింటుకి అవసరమా?

పిక్సెల్_పంతులు

24 అంగుళాలకి 11,000 అంటే అంగుళానికి 458 చుక్కలు, అవసరానికి మించి ఉంది. 2 కి.మీ. స్థాయికి కుదిస్తే 5,500 పిక్సెళ్లు, 229 చుక్కలు, గోడ బొమ్మకి చాలు. 11,000 చదరంలో ఒక్క చానల్ 32 బిట్‌లలో 484 ఎంబీ తింటుంది. నాలుగు చానళ్లు, సూర్యుడి కోణాలు, ఉపగ్రహ కోణాలు, సవరణ మధ్యంతర ఫలితాలు కలిస్తే 8 జీబీ నిండిపోయి ప్రోగ్రాం చచ్చిపోతుంది. రెండు పనులు చేయండి: డాస్క్ (శాట్‌పై లెక్కలను ముక్కలుగా చేసే లైబ్రరీ) చంక్ పరిమాణం 2048కి తగ్గించండి, ఒకేసారి పనిచేసే వర్కర్లు రెండుకి పరిమితం చేయండి. నెమ్మదిగానైనా పూర్తవుతుంది.

రంగు దగ్గర నలుగురూ తడబడే చోటు ఆకుపచ్చ. హిమావరి, జీకే-2ఎ రెండింటి ఆకుపచ్చ చానల్ 0.51 మైక్రాన్ల దగ్గర ఉంది. ఆకులు ఎక్కువగా ప్రతిఫలించేది 0.55 దగ్గర. అందువల్ల నేరుగా కలిపితే అడవులు ఎండిన గోధుమ రంగులో వస్తాయి. దానికి విరుగుడు, 0.86 చానల్ నుంచి 7 నుంచి 15 శాతం ఆకుపచ్చలో కలపడం. శాట్‌పై ఈ హైబ్రిడ్ గ్రీన్ తానే చేస్తుంది. 15 దాటిస్తే నల్లమల కూడా బిలియర్డ్స్ బల్లలా మెరుస్తుంది, అంత వద్దు. అమెరికా గోస్ ఉపగ్రహాలకి అసలు ఆకుపచ్చే లేదు, ఎరుపు 45, నీలం 45, సమీప పరారుణం 10 పాళ్లతో కల్పిస్తారు.

ఫలితం మొదట నల్లగా కనిపిస్తే భయపడకండి. సముద్రం కాంతిలో 5 శాతమే తిప్పి పంపుతుంది, దట్టమైన మేఘం 70, 80 శాతం. నేరుగా అచ్చు వేస్తే సముద్రం సిరాలా ఉంటుంది. గామా 2 దగ్గర వంపు ఇచ్చి నీడలు లేపాలి. చివరిదాకా 16 బిట్ టిఫ్‌లోనే ఉంచండి, ముందే 8 బిట్‌కి మారిస్తే నీలంలో మెట్లు మెట్లుగా గీతలు పడతాయి.

ర్యాలీ సవరణ, అంటే గాలి చెదరగొట్టిన నీలి కాంతిని తీసేసే లెక్క, పూర్తిగా పెట్టండి. గాలి పొర నీలి పొగ తొలగి, గోదావరి డెల్టా పచ్చదనం, థార్ ఎడారి విడివిడిగా తేలతాయి.

కక్ష్య82

ఇక్కడ నేను ఒప్పుకోను. ఆ నీలి పొగ భూమి అసలు రూపంలో భాగం. అంతరిక్షంలోంచి మనిషి కంటికి కనపడేది దానితోనే, అపోలో ఫిల్మ్ మీద పడింది కూడా దానితోనే. అది తీసేస్తే మిగిలేది పటం. అంచు వైపు సవరణ అతిగా పనిచేసి పసుపు, ఎరుపు వలయం కూడా తెస్తుంది, ఎందుకంటే అక్కడ గాలి పొర గుండా చూపు చాలా దూరం ప్రయాణిస్తుంది, లెక్క ఆధారపడిన ఊహలు అక్కడ నిలవవు. భారత్ ఉన్నది పడమటి అంచు వైపే, దెబ్బ మనకే తగులుతుంది. సూర్య కోణ సవరణ పెట్టినా అంతే, చీకటి రేఖ దగ్గర వెలుగు కృత్రిమంగా లేచి గోళం చదునైన పళ్లెంలా కనపడుతుంది.

నల్లమల_ఆకాశం

ఇద్దరి మాటకీ మధ్య దారి ఉంది. సవరించినది, సవరించనిది రెండూ సేవ్ చేసి, ఫోటో ఎడిటర్‌లో ఒకదానిపై ఒకటి పెట్టి 50 శాతం కలపండి. అంచున సవరించని పొర నిండుగా ఉండేలా గుండ్రటి మాస్కు వేయండి. దీన్ని బొమ్మ కింద రాయడం మరవకండి, సైన్స్ గది గోడ కాబట్టి.

సముద్రాన్ని మరీ నీలంగా మార్చే కోరిక మాత్రం అదుపులో పెట్టుకోండి.

యాంటెన్నా_మిద్దె

డౌన్‌లోడ్ కాకుండా ఉపగ్రహం నుంచి నేరుగా పట్టుకోవాలనే వాళ్లకి కూడా జీకే-2ఎ అనువైనదే. ఎల్‌ఆర్‌ఐటీ (తక్కువ వేగపు చిత్ర ప్రసారం) 1692.14 మెగాహెర్ట్జ్, 64 కేబీపీఎస్. వచ్చేది 10.5 మైక్రాన్ల పరారుణ చానల్, 2,200 పిక్సెళ్ల గోళం, పది నిమిషాలకొకటి. రంగులుండవు, కాబట్టి ఈ ప్రింటుకి పనికిరాదు, సైన్స్ క్లబ్బుకి పనికొస్తుంది. రాత్రి కూడా గోళం నిండుగా కనపడటం దీని అందం.

హైదరాబాద్ నుంచి దిక్కు 104 డిగ్రీలు, అంటే తూర్పుకి కాస్త దక్షిణం, ఎత్తు 30 డిగ్రీలు. విశాఖలో ఎత్తు 35. మిద్దె మీద ఇనుప చువ్వలు, ట్యాంకు స్టాండు దగ్గర ఫోను దిక్సూచి తప్పు చూపిస్తుంది, సూర్యుడి నీడతో దిక్కు కట్టండి. ఒక మీటరు డిష్, లేదా 60 × 100 సెం.మీ. వైఫై గ్రిడ్ డిష్. డీటీహెచ్ 60 సెం.మీ. డిష్ చాలదు. ఫీడ్‌గా (డిష్ ముందు సిగ్నల్ పట్టే భాగంగా) డబ్బా యాంటెన్నా చేసుకుంటే లోపలి వ్యాసం 120 మి.మీ., వెనక గోడ నుంచి 88 మి.మీ. దూరంలో 42 మి.మీ. రాగి తీగ. వ్యాసం 104 కన్నా తగ్గితే ఈ తరంగం డబ్బాలోకే రాదు, 136 దాటితే అక్కర్లేని మరో రూపం కూడా పుడుతుంది.

ఎల్ఎన్ఏ (బలహీన సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్), 1688 మెగాహెర్ట్జ్ దగ్గర సా ఫిల్టర్ ఉన్నది, ఫీడ్‌కి అంటుకుని ఉండాలి. కిందికి తెచ్చి కంప్యూటర్ దగ్గర పెడితే కేబుల్ నష్టం అంతా ముందే పడిపోయి సిగ్నల్ చస్తుంది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్)లో బయాస్-టీ (కేబుల్ గుండా ఎల్ఎన్ఏకి కరెంటు పంపే ఏర్పాటు) ఆన్ చేయడం మరిచిపోవడం అందరికీ ఎదురయ్యే మొదటి తప్పు, స్పెక్ట్రం చదునుగా ఉంటే ముందు అదే చూడండి. ప్రసార ధ్రువణం సరళరేఖీయం, అంటే తరంగం ఒకే తలంలో ఊగుతుంది. మన చోటి నుంచి దాని వంపు దాదాపు 68 డిగ్రీలు, కాబట్టి ఫీడ్‌ని నిటారుగానో అడ్డంగానో బిగించి వదిలేయకుండా నెమ్మదిగా తిప్పుతూ సిగ్నల్-రొద నిష్పత్తి ఎక్కడ పెరుగుతుందో చూడండి. డీకోడ్‌కి శాట్‌డంప్ ప్రోగ్రాం చాలు. ఫైళ్లకి తాళం వేసి పంపుతారు, కొరియా వాతావరణ సంస్థ ఇచ్చే కీ ఫైలు పెట్టకపోతే సిగ్నల్ బాగున్నా బొమ్మ రాదు.

గోదారి_గట్టు

జీకే-2ఎ, 4:30 యూటీసీ, ఫిబ్రవరి చివర, 2 కి.మీ. స్థాయి. ఇదే చేస్తాను. పక్కన 10 అంగుళాల ఎపిక్ కూడా పెడితే దేశం మధ్యలో ఉన్నది చూసినట్టుంటుంది. ప్రింటు వేయించేటప్పుడు జాగ్రత్తలేమైనా?

పిక్సెల్_పంతులు

నేపథ్యం సున్నా నలుపు ఉందో లేదో ఎడిటర్‌లో కొలిచి చూడండి. 2, 3 విలువలున్నా ప్రింటులో బూడిద చతురస్రం కనపడుతుంది. నక్షత్రాలు చేర్చవద్దు, పగటి ఎక్స్‌పోజర్‌కి అవి పడవు. ముదురు నీలం ప్రింటర్ సిరాల్లో ఊదాకి జారుతుంది, అందుకే ముందు 6 అంగుళాల నమూనా వేయించి చూడండి. గాజు ఫ్రేము కన్నా మ్యాట్ కాగితం మేలు, కిటికీ వెలుగు తగిలితే నల్లటి గాజు అద్దంలా మారి గోళం కనపడదు.

ఎవరైనా గోళం కాస్త నొక్కుకుపోయిందని సరిచేయబోతే ఆపండి. భూమధ్యరేఖ దగ్గర వ్యాసం 12,756 కి.మీ., ధ్రువాల మీదుగా 12,714. మీ 5,500 పిక్సెళ్ల బొమ్మలో నిలువు కొలత 18 పిక్సెళ్లు తక్కువ ఉండాలి.